ఆందోల్ బిడ్డ మఖ్దూం: నిజాం ఖజానాకు పడ్డ గండి

బీరంగూడ కమాను ముందు నుంచి బొంబాయి రోడ్డు పట్టుకొని పడమరకు పోతే పటాన్‌చెరు, ఆ తర్వాత సంగారెడ్డి. అక్కడ నాందేడ్ దారికి మళ్లితే జోగిపేట, దాన్ని ఆనుకొని ఆందోల్. అంతా కలిపి అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. పొద్దున లేస్తే ఈ రోడ్డు మీద కంపెనీ బస్సులు, లారీలు, అడ్డా కూలీలను నింపుకొని పోయే ఆటోలు. ఆందోల్ పేరు చెబితే మనవాళ్లకు పెద్ద చెరువు గుర్తుకొస్తుంది, ఎన్నికలు గుర్తుకొస్తాయి. మఖ్దూం మొహియుద్దీన్ గుర్తుకు రావడం తక్కువ. గుర్తున్నవాళ్లకు కూడా ఆయన గజళ్లే గుర్తు, సినిమాలోకెక్కిన ఆ మల్లెపందిరి పాటే గుర్తు.

మేం ఈవేళ చెప్పబోయేది ఆ కవి గురించి కాదు. పూర్తిగా కాదు. రాజ్యం నిలబడేది తుపాకి మీద అయితే, ఆ తుపాకి నిలబడేది డబ్బు మీద అని గ్రహించి, ఆ డబ్బు ఎవరి కల్లంలోంచి, ఎవరి తాటివనంలోంచి, ఎవరి రెక్కల్లోంచి పోతున్నదో చూపించి, ఇక ఇవ్వొద్దని పిలుపిచ్చిన ముగ్గురిలో ఒకరి గురించి. ఇప్పుడు పేపర్లలో ఆంక్షలు అనే మాట తరచు చదువుతున్నాం. ఫలానా దేశంలో సైన్యం గద్దెనెక్కింది, దాని బ్యాంకు ఖాతాలు ఆపాలి, దాని చమురు కొనొద్దు అని. అదేదో అమెరికా, ఐరోపా దొరల చేతిలో పని అనుకుంటాం. 1947లో తెలంగాణ పల్లెల్లో లెవీ గింజ ఇవ్వనన్న రైతు చేసింది కూడా ఆ పనే. తేడా అల్లా, ఆ రైతు వెనక ఏ దేశమూ లేదు.

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న ఆందోల్‌లో పుట్టారు. తండ్రి చిన్న సర్కారు నౌకరు. పిల్లవాడికి బుద్ధి తెలిసే లోపే పోయాడు. పెంచింది బాబాయి బషీరుద్దీన్. మతనిష్ఠ గల ఇల్లు. మసీదు ఊడవడం, నీళ్లు మోయడం, నమాజుకు చాపలు పరవడం పిల్లవాడి పని. ఆ బాబాయే 1917 తర్వాత ఒకనాడు ఇంట్లో పిల్లలకు రష్యా కబురు చెప్పాడట. అక్కడ రాజును దించేశారని, ఇప్పుడు అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చొని తింటారని. నిజమెంత, విన్నదెంత అన్నది అట్లుంచితే, గొప్పవాళ్ల పంక్తి వేరు, బీదవాళ్ల పంక్తి వేరు అయిన తాలూకాలో పెరిగే పిల్లవాడికి ఆ ఒక్క ముక్క చాలదా! ఆకలి తెలిసిన పిల్లవాడు గదా.

సంగారెడ్డిలో హైస్కూలు చదువు ముగించి పట్నం చేరారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సీటు దొరికింది గాని తిండికి దిక్కు లేదు. కొన్నాళ్లు మసీదులో పడుకున్నారు. వీధుల్లో బొమ్మలు, పటాలు అమ్మారు. నవాబుల ఇళ్లలో ట్యూషన్లు చెప్పారు. నగరంలో ఒకవైపు దివాన్‌ఖానాలు, ఇంకొకవైపు కార్ఖానా కూలీల గుడిసెలు. రెంటి మధ్యా నడిచి చూసిన మనిషి. ఎం.ఏ. పూర్తి చేశాక సిటీ కాలేజీలో ఉర్దూ చెప్పే ఉద్యోగం వచ్చింది. అప్పటికే కవిగా పేరు. ఆయన రాసిన నాటకం చూసి రవీంద్రనాథ్ ఠాగూర్ మెచ్చుకున్నారని చెబుతారు. జీతం, పేరు, నలుగురిలో మర్యాద, అన్నీ కుదిరిన ఆ దశలోనే, 1940ల మొదట్లో, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి పార్టీ పూర్తికాలం పనిలోకి దిగారు.

అంతకుముందే 1939లో హైదరాబాదులో కామ్రేడ్స్ అసోసియేషన్ ఏర్పడింది. రాజ్ బహదూర్ గౌర్, ఆలం ఖుంద్‌మీరీ, జవాద్ రజ్వీ వంటి యువకులు అందులో ఉన్నారు. ఎక్కువమంది ఉర్దూ మాట్లాడే నగరం పిల్లలు. అటు నల్లగొండ, వరంగల్ పల్లెల్లో ఆంధ్ర మహాసభ తెలుగులో పనిచేస్తున్నది. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, ఆరుట్ల సోదరులు ఆ వైపున. ఈ రెండు పాయలు కలవకపోతే తర్వాత జరిగింది జరిగేది కాదు. నగరపు కార్మికుడికీ పల్లె రైతుకూ నడుమ ఉన్న వారధిలో మొదటి రాయి మఖ్దూం అంటే అతిశయోక్తి కాదు.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. ఎందుకంటే మొత్తం కథ దాని చుట్టే తిరుగుతుంది.

నైజాం రాజ్యంలో భూమి మూడు రకాలు. సుమారు నూటికి అరవై వంతులు దివానీ, అంటే సర్కారు శిస్తు భూమి. ముప్పై వంతులు జాగీర్దార్ల కింద. మిగిలిన పది వంతులు సర్ఫెఖాస్, నిజాం నవాబు సొంతానికి. పట్నం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఇ-బల్దా జిల్లా అంతా ఈ సర్ఫెఖాసే. ఆ రాబడి నేరుగా నవాబు గారి సందుగలోకి పోయేది. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని అప్పట్లో ఆయన బొమ్మ విదేశీ పత్రిక అట్ట మీద వేశారు. ఆ ధనం గోల్కొండ వజ్రాలదని కొందరంటారు. వజ్రాలు దాచుకోను పనికొస్తాయి గాని నెల నెలా సిపాయికి జీతమియ్యను పనికిరావు. జీతాలిచ్చింది శిస్తు, ఆబ్కారీ, కరోడ్‌గిరి, రైల్వే.

శిస్తు తెలిసిందే. ఆబ్కారీ అంటే కల్లు మీద రాబడి. చెట్టుకింతని రకం కట్టాలి, ఆ మీద గుత్తేదారు దోపిడీ. భూమిశిస్తుతో పోటీ పడేంత ఆదాయం సర్కారుకు ఆ ఈత, తాటి చెట్ల నుంచి వచ్చేది. ఎక్కే గౌండ్లకు కాళ్లు, చేతులు విరిగేవి, ఖజానాకు పైసలు పోయేవి. కరోడ్‌గిరి అంటే సుంకం. సరిహద్దు దాటే ప్రతి బండినీ ఆపే నాకాలు. రైళ్లు 1930 నుంచి సర్కారు సొంతమే. సింగరేణి బొగ్గు, బోధన్ చక్కెర, ఆల్విన్ కార్ఖానా, వీటన్నింటిలో సర్కారు పెట్టుబడి ఉంది. ఆ పైన యుద్ధకాలంలో వచ్చి పడింది లెవీ.

లెవీ ఎట్లుండేదో ఈ తరం వ్యవసాయ కూలీలకు చెప్పాలి. ఎకరానికి ఇంత ధాన్యం సర్కారుకు, సర్కారు చెప్పిన ధరకు కొలవాలి. బజారు ధర అంతకు ఎక్కువ. పండినా ఎండినా కొలవాల్సిందే. దేశ్‌ముఖ్ వేల ఎకరాలు కాగితంలో కనపడవు, పట్వారీ ఆయన మనిషి. ఆయన వంతు కూడా చిన్న రైతు మీద పడుతుంది. ఇంట్లో గింజ లేని రైతు బయట ఎక్కువ ధర పెట్టి కొని, తక్కువ ధరకు సర్కారుకు కొలిచిన సందర్భాలున్నాయి. కొలవకపోతే గిర్దావరు, పోలీసు వచ్చి పెద్దమనుషుల ముందు వంగబెట్టి బండరాయి ఎత్తడం. ఆ ధాన్యం ఎవరిని మేపింది? పట్నాన్ని, పల్టన్లను.

1946లో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడింది. దాని అధ్యక్షుడు మఖ్దూం. రైల్వే కార్మికులు, చార్మినార్ సిగరెట్ ఫ్యాక్టరీ, గుండీల ఫ్యాక్టరీ, బట్టల మిల్లులు, షాబాద్ సిమెంటు, ఇవన్నీ ఆ జెండా కిందకు వచ్చాయి. కవి గనుక మాటలతో కట్టిపడేశాడని అనుకోవడం తేలిక. సంఘం కట్టడం మాటలతో అయ్యే పని కాదు. గేటు దగ్గర నిలబడాలి. చందా పుస్తకం రాయాలి, షిఫ్టు దిగేవాణ్ణి పట్టుకోవాలి, మేస్త్రీ బెదిరింపును లెక్కచేయని ఒక్క మనిషిని ముందుగా వెతికి పట్టాలి. పటాన్‌చెరు, పాశమైలారం గేట్ల దగ్గర పనిచేసిన మన కార్యకర్తలకు ఇది వేరే చెప్పాలా? ఆనాడు మఖ్దూంకు ఇంకో చిక్కు కూడా ఉండేది. ఆయన ముందు నిలబడిన కార్మికుల్లో చాలామంది ముస్లిం బీదలు. మీదే రాజ్యం, మీరే రాజులు అని మజ్లిస్ ఇత్తెహాదుల్ ముసల్మీన్ వాళ్ల చెవిలో ఊదుతున్నది. రోజుకు పది, పన్నెండు గంటలు పనిచేసి, పొద్దుగూకితే రొట్టెకు తడుముకునే మనిషిని నువ్వు పాలకుడివి అనడం కన్న క్రూరమైన ఎగతాళి ఉంటుందా? ఆ ఎగతాళిని వాళ్ల భాషలోనే, వాళ్ల మతం ఇంట పుట్టిన మనిషిగా విప్పిచెప్పగలిగింది మఖ్దూం, ఆయన తోటివాళ్లు. అందుకే రజాకార్లకు హిందూ కాంగ్రెసు వాళ్ల మీద ఎంత కోపమో, ఆయన మీద అంతకు రెండింతల కోపం.

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాల తుపాకులకు దొడ్డి కొమరయ్య ఒరిగిపోయాడు. ఆ ఏడు ఆఖరుకల్లా కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం పడింది, వారంట్లు తిరిగాయి. మఖ్దూం అజ్ఞాతవాసానికి పోయారు.

1947 జూన్‌లో నిజాం, తెల్లవాడు పోతే తన రాజ్యం స్వతంత్రమని ఫర్మానా ఇచ్చాడు. ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరితే ఇక్కడ జెండా పట్టినవాళ్లు జైలుకు పోయారు. ఆపైన పేరుకు నవాబు, నడిపింది కాసిం రజ్వీ రజాకార్లు, ఎల్ ఎద్రూస్ సైన్యం, ప్రధాని లాయక్ అలీ. శాసనసభ అన్నది అలంకారం. పల్లెలో పగలు సిపాయి, రాత్రి రజాకారు. సైనిక నియంతృత్వం అనే మాటకు ఇంతకంటె నిర్వచనం మేం వెతకం.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ముగ్గురూ కలిసి సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. తుపాకి సంగతే అందరూ చెబుతారు. పోరాటం నడిచిన తీరు చూస్తే, తుపాకి దాకా పోయే లోపలే పల్లెలో జరిగిన పనులు వేరు. లెవీ కొలవొద్దు. శిస్తు కట్టొద్దు. వెట్టి చేయొద్దు. పటేలు పట్వారీ దఫ్తరాలు తగలబెట్టాలి. కరోడ్‌గిరి నాకాలు పడగొట్టాలి. ఇట్లా ఒక్కొక్కటే తీసి చూడండి, ప్రతి ఒక్కటీ ఖజానాకు పోయే ఒక కాలువ. దఫ్తరం కాలిందంటే ఎవడు ఎంత బాకీయో చెప్పే కాగితం లేదు. నాకా కూలిందంటే సుంకం వసూలు చేసే గుమాస్తా పట్నం పారిపోయాడు. దొర గడీలో దాచిన ధాన్యం బయటికి తీసి పంచారంటే అది రెండు విధాల లాభం, సర్కారుకు పోనూ లేదు, ఊళ్లో పొయ్యి వెలగకనూ పోలేదు.

ఇదే సమయంలో స్వామి రామానంద తీర్థ నాయకత్వాన స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహం నడుపుతున్నది. వాళ్లు కూడా ఆబ్కారీ రాబడి మీద దెబ్బకొట్టాలని చూశారు. అందుకు పట్టిన దారి ఈత, తాటిచెట్లు నరకడం. త్యాగబుద్ధితో చేసినవాళ్లే, కాదనం. కాని ఒక్కటి అడగాలి. చెట్టు నరికితే నవాబుకు పోయేది ఆ చెట్టు రకం. గౌండ్లాయనకు పోయేది పదేళ్ల బతుకు. చెట్టు గీసుకో, రకం కట్టకు అంటే నష్టం పూర్తిగా నవాబుదే. ఖజానా మీద కొట్టే దెబ్బ బీదవాడి వీపు మీదుగా పోకూడదన్న ఈ వివేచన ఊళ్లలో కమిటీలు నడిచిన చోట పనిలో నేర్చుకున్నది. పుస్తకంలోంచి వచ్చింది కాదు.

ఇక భారత ప్రభుత్వం. 1947 నవంబరు 29న నిజాంతో యథాతథ ఒప్పందం చేసుకుంది, ఏడాదికి. ఆ సిరా ఆరకముందే నిజాం ప్రభుత్వం రెండు పనులు చేసింది. భారత ప్రభుత్వ బాండ్ల రూపంలో ఉన్న 20 కోట్ల రూపాయలు పాకిస్తానుకు అప్పుగా ఇచ్చింది. కల్దారు రూపాయి ఇక్కడ చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది. హాలీ సిక్కాయే సిక్కా అన్నది. దీని మీద ఢిల్లీలో కోపం వచ్చింది. 1948లో సరిహద్దుల్లో సరుకు ఆగింది. ఆయుధాలు ఆపారు, పెట్రోలు ఆపారు, బండ్లు ఆగాయి. మందులు, నీళ్లలో కలిపే క్లోరిను కూడా రానివ్వడం లేదని నిజాం ప్రభుత్వం లబలబలాడింది. ఆ మొర కపటమే కావచ్చు. కాని ఆసుపత్రిలో మందు లేక పోయేది కాసిం రజ్వీ పిల్లలు కారు గదా. రజాకారుకు తుపాకి మాత్రం ఆగలేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు కరాచీ నుంచి రాత్రిళ్లు విమానాల్లో ఆయుధాలు తెచ్చి దింపాడు. బీదరు, వరంగల్లు విమానపు మైదానాల్లో అవి దిగాయి. డబ్బున్న వాడికి దిగ్బంధంలో కూడా దారి దొరుకుతుంది. ఆ డబ్బునే రాకుండా చేస్తేనే దారి మూసుకుపోతుంది.

అక్కడే రెండు రకాల ఆంక్షలకూ తేడా. ఢిల్లీ పెట్టినది పైనుంచి పెట్టినది, సరుకు మీద. పల్లె పెట్టినది కిందినుంచి పెట్టినది, రాబడి మీద. మొదటిది పేదలకు సోకింది, రెండోది పేదలకు గింజ మిగిల్చింది. రెండోదానికి చెల్లించిన ధర తక్కువని ఎవరూ అనుకోవద్దు. శిస్తు వసూలుకు గుమాస్తా పోతే రాని చోటికి సైన్యం పోయింది. రజాకార్లు వెంట పోయారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఒక్కపూట తొంభై మందికి పైగా చంపారు. అదే నెలలో హైదరాబాదు నడివీధిలో, ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నరికి చంపారు. ఇండియాలో కలవాలని రాయడమే ఆయన నేరం. ముస్లిం అయ్యుండి నిజాం మీద నోరెత్తితే ఏమవుతుందో మఖ్దూంకు ఎవరూ వివరించనవసరం లేదు. అయినా ఆ పిలుపు కింద ఉన్న సంతకం వెనక్కి తీసుకోలేదు.

పల్లె కమిటీలు నిలబడ్డాయి. సుమారు 3 వేల గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయని, 10 లక్షల ఎకరాలు పంచారని, పోరాటం ముగిసేనాటికి 4 వేల మంది అమరులయ్యారని ఉద్యమం లెక్క. 3 వేల గ్రామాలంటే 3 వేల శిస్తు దఫ్తరాలు. నిజాం రాజ్యం సైన్యం చేతిలో అయిదురోజుల్లో కూలిపోయిందని చరిత్ర పుస్తకాల్లో రాస్తారు. సెప్టెంబరు 13న బయల్దేరిన భారత సైన్యం షోలాపూరు నుంచి నల్‌దుర్గ్, హుమ్నాబాదు, జహీరాబాదు మీదుగా, ఇదిగో మన ఈ రోడ్డు మీదుగానే పట్నం వైపు వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. అయిదు రోజుల్లో కూలడానికి ముందు ఏడాది పాటు లోపల ఎంత తొలిచారో ఆ పుస్తకాలు రాయవు.

పోలీసు చర్య అని పేరు పెట్టిన ఆ సైనిక చర్య తర్వాత ఏం జరిగింది? జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నర్ అయ్యాడు. ఒక మిలిటరీ పోయి ఇంకొకటి. ఉస్మానాబాదు, బీదరు, గుల్బర్గా, నాందేడు వైపు వేల మంది సామాన్య ముస్లింలను, రజాకారు ముఖం కూడా చూడనివాళ్లను చంపారు. పండిత్ సుందర్‌లాల్ కమిటీ ఆ సంఖ్య 27 వేల నుంచి 40 వేలని అంచనా కట్టింది. ఆ నివేదికను అరవై ఏళ్లకు పైగా జనానికి చూపలేదు. ఇటు తెలంగాణలో పారిపోయిన దొరలు ఖద్దరు తొడుక్కొని, సైన్యం వెనక ఊళ్లకు దిగారు. పంచిన భూములు తిరిగి గుంజుకోను, ఆగిన వసూళ్లు రాబట్టను. మఖ్దూం అజ్ఞాతం ముగియలేదు. నిజాం పోలీసు వెతికిన మనిషిని ఇప్పుడు నెహ్రూ పోలీసు వెతికింది. 1951లో దొరికారు, జైల్లో వేశారు.

నిజాంకు మాత్రం జైలు లేదు. 50 లక్షల రూపాయల రాజభరణం ఏటా, సర్ఫెఖాస్ పోయినందుకు పరిహారం వేరే. 1950 జనవరి 26 నుంచి రాజప్రముఖ్ పదవి, 1956 దాకా. కాసిం రజ్వీ 1957లో విడుదలై పాకిస్తాన్ పోయాడు. లెవీ ఇవ్వనన్నందుకు దెబ్బలు తిన్న రైతు పన్నులోంచే ఆ 50 లక్షలూ వెళ్లాయి. ఇది మేం కోపంతో అంటున్న మాట కాదు. బడ్జెట్టు పద్దు అది.

1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించారు. పోలీసు చర్య తర్వాత దాన్ని కొనసాగించడం సరైనదా కాదా అని పార్టీలో పెద్ద చర్చ జరిగింది, ఈనాటికీ జరుగుతున్నది. ఆ చర్చ మరో సందర్భానికి వదిలేద్దాం. 1952 ఎన్నికలు వచ్చేసరికి హైదరాబాదు రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పేరు మీద పోటీ చేశారు. మన మెదక్ పార్లమెంటు సీటు కూడా ఆ ఫ్రంట్ నుంచే డాక్టర్ జయసూర్య గెలిచారు, సరోజినీ నాయుడి కొడుకు. ఆయన వదిలిన హుజూర్‌నగర్ అసెంబ్లీ సీటుకు ఉప ఎన్నికలో మఖ్దూం నిలబడి గెలిచారు. తెలుగు పల్లె ఓటరు ఉర్దూ కవిని ఎన్నుకున్నాడు! భాష అడ్డం రాలేదు, మతం అడ్డం రాలేదు. లెవీ కొలవొద్దన్న పిలుపు కింద సంతకం చూసిన జనం గదా.

తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో ఏళ్ల తరబడి సభ్యుడు. ఏఐటీయూసీ పనిలో దేశం తిరిగారు. ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య సభలకు విదేశాలకు పోయివచ్చారు. 1961లో కాంగో నాయకుడు పాట్రిస్ లుముంబాను చంపినప్పుడు మఖ్దూం ఊరుకోలేదు, కవిత రాశారు. కాంగోలో ఏం జరిగింది? రాగి గనుల కంపెనీల డబ్బు కటంగా వేర్పాటుకు పోయింది, సైన్యంలోంచి మొబుటూ లేచాడు. ఆ కథలో ఆయనకు ఆందోల్ కనపడి ఉంటుంది. పేర్లు వేరు, పద్దు ఒకటే.

ఇక్కడ ఒక పక్కమాట. సైనిక పాలన అన్నది ఎక్కడో పరాయి సంగతి అనుకునేవాళ్లు విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు ఎందుకు వచ్చిందో అడగాలి. రంగూన్ రేవులో మూటలు మోసిన కూలీల్లో తెలుగువాళ్లు వేలకు వేలు. 1962 మార్చిలో నె విన్ సైన్యం గద్దెనెక్కాక భారతీయులు లక్షలమంది చేతిలో కాసు లేకుండా ఓడలెక్కి వచ్చారు. అదే బర్మాలో 2021 ఫిబ్రవరి 1న మళ్లీ సైన్యం తిరగబడింది. అక్కడి కార్మికులు, టీచర్లు, డాక్టర్లు పని మానేశారు. జనం కరెంటు బిల్లులు కట్టడం ఆపారు. సైన్యానికి డాలర్లు తెచ్చేది సముద్రపు గ్యాసు గనుక ఆ సొమ్ము చేరకుండా ఆపండని ప్రపంచాన్ని అడిగారు. 2022 జనవరిలో టోటల్, షెవ్రాన్ కంపెనీలు తప్పుకుంటామని ప్రకటించాయి. ఆ ఫిబ్రవరిలో ఐరోపా యూనియన్ అక్కడి సర్కారు గ్యాసు సంస్థ మీద ఆంక్ష పెట్టింది. తిరుగుబాటు నాటికి ష్వే గ్యాసు క్షేత్రంలో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కూ, గెయిల్‌కూ వాటాలున్నాయి. మన ప్రభుత్వ సంస్థలే, మన డబ్బే. మన చట్టసభల్లో దాని మీద ఎంత చర్చ జరిగిందో చదువరులే చెప్పాలి. 1946లో దక్షిణాఫ్రికా జాతివివక్ష మీద అన్ని దేశాల కంటె ముందు వ్యాపారం తెంచుకున్న దేశం మనది. ఇంకా స్వాతంత్ర్యం కూడా రాలేదు అప్పటికి.

మఖ్దూం సంగతికి వస్తే, ఆఖరిదాకా అద్దె ఇళ్లే, పార్టీ ఆఫీసే. సాయంత్రం ముషాయిరాలో నవాబుల వారసులు వాహ్వా అంటుంటే, పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండేవారు. ఆ రెండు ఎట్లా పొసిగాయని ఆశ్చర్యపోయేవాళ్లు ఉన్నారు. పొసగకపోవడానికి ఏముంది? మన పల్లెల్లో నాటేసేటప్పుడు పాడే ఆడకూలీలను ఎవరూ ఆ ప్రశ్న అడగరు.

1969 ఆగస్టు 25న పనిమీద పోయిన ఢిల్లీలోనే గుండె ఆగి చనిపోయారు. అరవై ఒక్క ఏళ్లు. శవాన్ని హైదరాబాదు తెచ్చి షా ఖామోష్ దర్గా పక్కన సమాధి చేశారు. ఆ అంతిమయాత్రలో రిక్షా కార్మికులు, రైల్వే కార్మికులు, కవులు కలిసి నడిచారు. అదే ఏడు ఆయన కవితా సంపుటానికి సాహిత్య అకాడమీ బహుమతి. హిమాయత్‌నగర్‌లో పార్టీ కార్యాలయానికి మఖ్దూం భవన్ అని పేరు పెట్టారు. 2016లో మెదక్ నుంచి విడిపోయి సంగారెడ్డి జిల్లా అయింది, ఆందోల్ అందులోకి వచ్చింది.

డబ్బు కథ మాత్రం ఆయనతో పోలేదు. 1948 సెప్టెంబరులో, లొంగుబాటు జరిగిన ఆ రోజుల్లోనే, నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ బ్యాంకులో నిజాం పేర ఉన్న పది లక్షల పౌండ్లకు పైగా సొమ్మును పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి మళ్లించాడు. నిజాం తిరిగిమ్మంటే బ్యాంకు ఇవ్వలేదు. డెబ్బై ఏళ్లు అది అక్కడే వడ్డీ పెట్టింది. 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. పాకిస్తాన్ వాదన కొట్టేసి, భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకూ చెందుతుందన్నది. కోర్టులో మూడు పక్షాల వకీళ్లు వాదించారు. లెవీ కొలిచిన పల్లెలు ఆ దావాలో పక్షం కాదు.